ఫోటో లేని వాళ్ళ ముఖాలు

వసుమతిగారు నందిగామలో మా ఎయిడెడ్ హైస్కూలుకి డ్రాయింగ్ టీచరుగా వచ్చింది 1991లో. అప్పటికి రెండేళ్ళుగా నేను అక్కడ తెలుగు చెప్తున్నాను. ఇద్దరిదీ జగ్గయ్యపేటే కావటంతో పొద్దున ఎనిమిదింటి బస్సులో కలిసి వెళ్ళేవాళ్ళం. ఆవిడతో స్నేహం కుదరకముందే ఆవిడ మనుషుల్ని చూసే తీరు నన్ను ఇబ్బంది పెట్టింది. ఎదుటి సీట్లో ఎవరు కూర్చున్నా సరే, వాళ్ళ చెవులూ మెడలూ గడ్డాలూ కళ్ళార్పకుండా చూసేవారు. ఒకసారి చిల్లకల్లులో ఎక్కిన పెద్దాయన చిరాకుపడి, "ఏందమ్మా, నా మొహాన ఏమన్నా రాసుందా?" అని అడిగేశాడు.

"లేదండీ, మీ కింది పెదవి బాగుంది" అన్నారు వసుమతిగారు మామూలుగా.

ఆయన నందిగామలో దిగేలోపు రెండుసార్లు కింది పెదవి తడిమి చూసుకున్నాడు.

ఆవిడకప్పుడు ముప్ఫై మూడేళ్ళు. భర్త కుటుంబరావుగారు సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తా. పెళ్ళైన తర్వాత విజయవాడ వెళ్ళి పరీక్షలు రాసి, డ్రాయింగు లోయరూ హయ్యరూ పాసై, ట్రైనింగు కూడా పూర్తిచేసి ఈ ఉద్యోగం తెచ్చుకున్నారు. తీరా వచ్చాక చూస్తే మా స్కూల్లో డ్రాయింగు పీరియడు టైంటేబుల్లో ఉండేది గానీ క్లాసులో ఉండేది కాదు. పదో తరగతిలో దానికి మార్కులు లేవు కాబట్టి ఆ పీరియడు లెక్కల వేదవ్యాస్ మాస్టారికి వెళ్ళిపోయేది. వసుమతిగారితో సైన్సు మాస్టారికి మూత్రపిండం చార్టూ, సోషలు మాస్టారికి నదుల పటమూ వేయించేవాళ్ళు. ఇన్‌స్పెక్షను వస్తే గేటు దగ్గర 'స్వాగతం' రాయించేవాళ్ళు.

ఒకరోజు స్టాఫ్‌రూములో వేదవ్యాస్ మాస్టారు ఉండబట్టలేక అడిగారు. "ఏమీ అనుకోకండి వసుమతిగారూ. అసలు బొమ్మలు నేర్చుకుంటే పిల్లలకి ఏమొస్తుందండీ?"

ఆవిడ నొచ్చుకుంటారేమోనని నేను కంగారుపడ్డాను. ఆవిడ మాత్రం చేతిలో టీగ్లాసు పట్టుకుని నిజంగానే ఆలోచించారు. "నాకూ సరిగ్గా తెలీదండీ. తెలుసుకోవాలనే ఉంది" అన్నారు.

1995లో ఓటరు గుర్తింపు కార్డుల కోసం మా స్కూల్లోనే ఫోటోలు తీశారు. ఏడో తరగతి గదిలో తెల్ల గుడ్డ కట్టి, స్టూలు వేశారు. చుట్టుపక్కల వీధుల జనమంతా తలలు దువ్వుకుని వరసలో నిలబడ్డారు. వాళ్ళలో చాలామందికి అదే మొదటి ఫోటో. మా స్కూలు ఆయా సుబ్బమ్మ కూడా తీయించుకుంది. తీయించుకుని వచ్చి వరండాలో స్తంభానికి ఆనుకుని ఏడుస్తూ కూర్చుంది.

"ఇంకొక్క నెల ఉన్నట్టయితే మా బుల్లిబాబు వాళ్ళ నాన్నకీ ఓ ఫోటో ఉండేది గదమ్మా" అంది.

ఆమె భర్త పత్తి మిల్లులో బస్తాలు మోసేవాడు. జ్వరం వచ్చి పదిరోజుల్లో పోయాడు. పెళ్ళినాటి నుంచి ఎన్నడూ ఫోటో తీయించుకోలేదు.

వసుమతిగారు ఆమె పక్కనే నేలమీద కూర్చున్నారు. "నేను గీస్తాను సుబ్బమ్మా. నువ్వు చెప్పు. ఆయన ముక్కు ఎలా ఉండేది?"

"ముక్కు ముక్కులాగే ఉండేది టీచరమ్మా."

"నుదురు?"

"నుదురంటే... తలగుడ్డ ఉండేదిగా."

"పోనీ కళ్ళు?"

సుబ్బమ్మ చాలాసేపు ఆలోచించింది. "చెప్పులు ఈడ్చుకుంటా వచ్చే చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉందమ్మా. అరచేతులు ఎట్టా ఉండేయో చెప్పమంటే చెప్తా, ఏ వేలు దగ్గర కాయ కాసిందో కూడా చెప్తా. మొహం చెప్పమంటే రావట్లేదు." "ఇరవై రెండేళ్ళు కాపురం చేసా. నేనాయన్ని చూళ్ళేదా అమ్మా ఏంది?"

ఆ సాయంత్రం మా బస్సు చిల్లకల్లు దాటింది. వసుమతిగారు నావైపు తిరిగి, "మీ ఆయన ముక్కు ఎలా ఉంటుందో చెప్పండి" అన్నారు. నేను నవ్వి, చెప్పబోయి, ఆగిపోయాను. పొడుగ్గా ఉంటుందని అనుకున్నాను గానీ చివర వంపు ఉందో లేదో గుర్తురాలేదు. ఇంటికెళ్ళాక పేపరు చదువుకుంటున్న మనిషిని గుమ్మంలో నిలబడి అలాగే చూశాను. "ఏంటి, ఏమైంది?" అని ఆయన బెదిరిపోయారు. వంపు ఉంది.

వసుమతిగారికి ఒక ఉపాయం తట్టింది. స్కూలు వదిలాక సుబ్బమ్మని నందిగామ బస్టాండుకి తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టారు. నేనూ వెళ్ళాను. "ఆయన్ని గుర్తుతెచ్చుకోకు. వచ్చేపోయే వాళ్ళని చూడు. ఎవరిదైనా ఏదైనా ఆయనలా ఉంటే చెప్పు" అన్నారు. మొదటిరోజు ఏమీ దొరకలేదు. రెండోరోజు సుబ్బమ్మ లేచి నిలబడి కేకపెట్టినంత పని చేసింది. "అదిగో! ఆ చెవి! ఆ చెవే!" విజయవాడ బస్సు కండక్టరు టిక్కెట్లు కొడుతూ వెనక్కి తిరిగి చూశాడు. వసుమతిగారు ఒళ్ళో అట్ట పెట్టుకుని చకచకా ఆ చెవి గీసేశారు.

గడ్డం చెరుకురసం బండి అతని దగ్గర దొరికింది. కనుబొమలు కంచికచర్ల మిరపకాయల బేరగాడివి. ముక్కు మాత్రం వారం రోజులు దొరకలేదు. ఆఖరికి మజ్జిగ అమ్మే ఆవిడ దగ్గర దొరికింది.

"ఆడమనిషి కదా సుబ్బమ్మా" అన్నాను నేను.

"ఆడమనిషైతే ఏందమ్మా? ముక్కు ఆయనదే" అంది సుబ్బమ్మ ఖచ్చితంగా.

అన్నీ కలిపి వసుమతిగారు బొమ్మ పూర్తిచేసి స్టాఫ్‌రూములో చూపించారు. సుబ్బమ్మ ఎగాదిగా చూసింది. తప్పు పట్టటానికి ఏమీ కనపడలేదు. అయినా తల అడ్డంగా ఊపింది. "ఎవరో పెద్దమనిషి, మంచోడే. మా ఆయన కాదమ్మా."

వసుమతిగారు అడుగుతూ పోయారు. ఎలా కూర్చునేవాడు, ఎలా తినేవాడు, ఎలా పిలిచేవాడు. "ఇలా నీ వంక సూటిగా చూసి మాట్లాడేవాడా?"

"ఎందుకు చూస్తాడమ్మా?" సుబ్బమ్మకి ఆ ప్రశ్నే వింతగా ఉంది. "అన్నం పెట్టమన్నా గోడకేసి చూసే అడిగేవాడు. సిగ్గు మనిషి."

వసుమతిగారు రబ్బరు తీసి కనుపాపలు రెండూ చెరిపారు. కంటి కొసల్లోకి జరిపి మళ్ళీ గీశారు. అంతే, ఇంకేమీ మార్చలేదు. సుబ్బమ్మ బొమ్మవైపు చూసి కుర్చీలోంచి లేచి, పైట సర్దుకుని, కాస్త పక్కకి జరిగి నిలబడింది. ఎందుకలా నిలబడిందో ఆమెకీ తెలిసినట్టు లేదు.

ఆ కబురు సుబ్బమ్మే ఊరంతా చెప్పింది. వీరులపాడు నుంచీ, కొణకంచి నుంచీ, ఎక్కడెక్కడి నుంచో మనుషులు రావటం మొదలుపెట్టారు. ఫోటో దిగకుండానే పోయిన తండ్రులూ, అత్తలూ, పసివాళ్ళూ ఎంతమంది ఉన్నారో అప్పుడు తెలిసింది మాకు. ఆవిడ గంటసేపు అడిగి పావుగంటలో గీసేవారు. అడుగుతూ అడుగుతూ తెలుసుకున్నవి నాకు బస్సులో చెప్పేవారు. మనుషులకి ముందు గుర్తొచ్చేది గొంతట, తర్వాత చేతులట. మొహం అన్నిటికన్నా ఆఖర్న వస్తుందట. తిట్టిన మనిషి మొహం తొందరగా గుర్తొస్తుందట గానీ, లాలించిన మనిషిది ఎంతకీ రాదట.

"ఎందుకంటారు?" అన్నాను.

"దగ్గరగా ఉన్నదాన్ని చూడం కదండీ. ఆనుకుని పడుకుంటాం" అన్నారు. వెంటనే, "ఏమో, అది కూడా కాదేమో" అని కిటికీలోంచి బయటికి చూశారు.

వేదవ్యాస్ మాస్టారు ఎగతాళి చేశారు. "ఇది కళ కాదండోయ్, వాకబు."

"అయ్యుండొచ్చండీ" అన్నారు ఆవిడ.

ఆ బొమ్మల మీద సంతకం పెట్టేవారు కాదు. అంతకుముందు విజయవాడలో మేమిద్దరం ఒక చిత్రకళా ప్రదర్శనకి వెళ్ళాం. అక్కడ ప్రతి బొమ్మ మూలా పేరుంది. మీరెందుకు పెట్టరని ఒకసారి అడిగాను. "ముక్కు మజ్జిగావిడది, చెవి కండక్టరుది, చూపు సుబ్బమ్మ చెప్పింది. ఇందులో నా పేరు ఎక్కడ పెట్టను చెప్పండి?" అన్నారు. మరి ఆ ప్రదర్శనలో పేర్లు పెట్టుకున్న వాళ్ళు కూడా ఎవరో ఒకరి ముక్కూ చెవీ తెచ్చుకున్నవాళ్ళే కదా అని నేను వాదించాను. అది ఆవిడకి నచ్చింది. వారం రోజులపాటు అదే మాట మళ్ళీ మళ్ళీ ఎత్తారు. తేలలేదు.

ఆ ఏడే ఏడో తరగతి పిల్లలతో ఒక పని చేయించారు. పిల్లలందర్నీ వాళ్ళ వాళ్ళ అమ్మ మొహం గీయమన్నారు. నలభై రెండు కాగితాలు వచ్చాయి. నలభై రెండింట్లోనూ ఒక్కటే అమ్మ. గుండ్రటి మొహం, పెద్ద బొట్టు, చేపల్లాంటి కళ్ళు. గోడమీద క్యాలెండర్లో ఉండే అమ్మవారిలా ఉంది.

"ఇంటికెళ్ళి మీ అమ్మని చూసి రండి. గీయక్కర్లేదు. చూస్తే చాలు" అన్నారు వసుమతిగారు.

మర్నాడు క్లాసంతా గోలగోల. ఒకడు వాళ్ళమ్మ ఎడమ కనుబొమలో గాటు కనిపెట్టాడు. ఒక పిల్లకి తన తల్లి రెండు కళ్ళూ ఒకే సైజులో లేవని తెలిసింది. ఆ మధ్యాహ్నం ఒకావిడ స్కూలుకే వచ్చేసింది. "ఏం చెప్పారండీ మా పిల్లకి? పొయ్యికాడ కూర్చుని నన్నే చూస్తా ఉంది. భయమేసింది" అని మొదలుపెట్టింది. సంగతి చెప్పాక కోపం పోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పెళ్ళిచూపుల్లో కూడా నన్నెవరూ అంతసేపు చూళ్ళేదండీ."

రెండు రోజులు గడిచాక వేదవ్యాస్ మాస్టారు మా దగ్గరకొచ్చి చాలాసేపు సుద్దముక్క నలుపుతూ నిలబడ్డారు. "మా ఆవిడకి చెవి వెనకాల పుట్టుమచ్చ ఉందండి. పదహారేళ్ళైంది పెళ్ళై" అన్నారు. ఆ తర్వాత, "ఇకనుంచి గురువారం పీరియడు మీరే తీసుకోండి" అన్నారు.

"మార్కులు రావుగా మాస్టారూ?"

"రావనుకోండి..." అని నసిగి వెళ్ళిపోయారు.

వీటన్నిటిలో నేను మర్చిపోలేనిది చెన్నకేశవరావుగారి సంగతి. జగ్గయ్యపేట బజార్లో ఆయనది హోల్‌సేలు కిరాణా. 1999లో ఆయనకి అరవై నిండాయి. షష్టిపూర్తికి తల్లి పటం పెట్టుకోవాలని వసుమతిగారింటికి వచ్చారు. తల్లి ఆయన ఆరో ఏట పోయింది. ఫోటో లేదు.

"మా అమ్మ నిండుగా ఉండేదండి, టీచరుగారూ. కాసంత బొట్టు. మెళ్ళో కాసులపేరు. నెరిసిన జుట్టు, నుదుటి మీద ముడతలు, చల్లటి చూపు."

"మీకు ఆరేళ్ళప్పుడే పోయారన్నారు. అప్పటికే జుట్టు నెరిసిందాండీ?" అని వసుమతిగారు మెల్లిగా అడిగారు.

"నెరవకుండా ఎట్టా ఉంటదమ్మా? తల్లి గదా!"

వసుమతిగారు మళ్ళీ అడగలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు గీసిచ్చారు. ఆయన పొంగిపోయి బంగారురంగు ఫ్రేము కట్టించి కొట్లో తన గద్దె పైన తగిలించుకున్నారు.

బస్సులో నేను నిలదీశాను. "అది వాళ్ళమ్మ కాదని మీకు తెలుసు. తెలిసీ ఎందుకు గీశారు?"

"ఆయన చెప్పింది అదే కదండీ" అన్నారు గానీ, మాటలో బలం లేదు. "అబద్ధం గీశానంటారా?"



షష్టిపూర్తి వారం ఉందనగా ఖమ్మం నుంచి ఆయన అక్క కన్యకాపరమేశ్వరిగారు వచ్చారు. ఆయనకన్నా ఐదేళ్ళు పెద్ద. కొట్లోకి వచ్చి పటం చూసి, "ఎవర్రా కేశవా ఈవిడ?" అన్నారట.

"అమ్మ గదక్కా!"

"అమ్మా? మీ అత్తగారనుకున్నా గదరా!"

గుమాస్తాల ముందు అంత మాట పడేసరికి తమ్ముడికి రోషం వచ్చింది. అక్కకి అంతకన్నా ఎక్కువ వచ్చింది. ఆ ఊపులో నేరుగా వసుమతిగారింటికి వచ్చేసింది. ఆదివారం కావటంతో నేనూ అక్కడే ఉన్నాను. "మా అమ్మని చూసినట్టే గీసావంట గదమ్మా, ఎవర్ని చూసి గీసావు?" అని గుమ్మంలోనే అందుకుంది.

వసుమతిగారు తప్పు ఒప్పుకున్నట్టు తల వంచి, చాప వేసి, అట్టా పెన్సిలూ తెచ్చుకున్నారు. "నేను చూళ్ళేదండీ. మీరు చూశారు. మీరు చెప్పండి" అన్నారు.

పెద్దావిడ కోపం దిగటానికి కాసేపు పట్టింది. మాట మొదలయ్యాక మాత్రం ఆగలేదు. అమ్మ సన్నగా ఉండేది. పై పళ్ళు రెండు పెదవి మీదికి కొద్దిగా వచ్చేవి, అందుకని నవ్వినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఎడమ చెంప మీద కాగిన నూనె చింది చింతగింజంత మచ్చ పడింది. కాసులపేరు ఎక్కడిది, నల్లపూసలే. జడ మోకాళ్ళ దాకా ఉండేది.

"మధ్యాన్నం మామ్మ పడుకున్నాక పెరట్లో నాతో అచ్చనగాయలు ఆడేదమ్మా. ఓడిపోతే ఉక్రోషం తనకి. తొండి ఆడావే అని నాతో మాట్లాడేది కాదు. నేనే బతిమాలేదాన్ని."

పెన్సిలు ఆగింది. వసుమతిగారు తలెత్తి చూశారు. "తొండి ఆడేవారా మీరు?"

"ఆడేదాన్ని" అంది ఆవిడ, అరవై ఐదేళ్ళ మనిషి, కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాటి సాయంత్రం ఆవిడే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన ముభావంగా ఉన్నారు. వసుమతిగారు బొమ్మ తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. అందులో నవ్వు ఆపుకుంటున్న ఒక పిల్ల ఉంది. పళ్ళు కొద్దిగా కనపడుతున్నాయి. చెంపమీద మచ్చ ఉంది. ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఆటకి లేచి వెళ్ళిపోయేట్టు ఉంది.

ఆయన చాలాసేపు చూశారు. "అమ్మకి ఎన్నేళ్ళక్కా, పోయేటప్పటికి?"

"ఇరవయ్యారు."

"మా లక్ష్మీప్రసన్నకి ఇరవైతొమ్మిది" అన్నారు ఆయన. లక్ష్మీప్రసన్న ఆయన చిన్నకూతురు. ఆ మాట అని, వరండా మెట్టు మీద కూలబడ్డట్టు కూర్చున్నారు. "చిన్నపిల్ల గదక్కా. నన్నెందుకు వదిలేసి పోయావని ఇన్నేళ్ళూ అడుగుతా ఉన్నా. చిన్నపిల్లని పట్టుకుని అడిగా."

అక్క ఆయన భుజం మీద చెయ్యి వేసింది. వసుమతిగారు లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చారు.

షష్టిపూర్తికి మమ్మల్ని పిలిచారు. పీటల మీద కూర్చోబోయే ముందు ఆయన ఆ చిన్నబొమ్మ ముందు నిలబడి, నమస్కారం పెట్టబోయి, పెట్టలేక, వేలితో ఆ చెంప నిమిరారు. భోజనాలయ్యాక కొట్టు ముందునుంచి వస్తుంటే వసుమతిగారు లోపలికి తొంగి చూశారు. బంగారురంగు ఫ్రేములోని ముసలమ్మ గద్దె పైన అలాగే ఉంది. ఉండబట్టలేక ఆయన్నే అడిగారు, దాన్ని తీసెయ్యలేదేమని.

"ఎట్టా తీస్తానమ్మా?" అన్నారు చెన్నకేశవరావుగారు. "ఇన్నేళ్ళు నన్ను కనిపెట్టుకుని ఉన్నది ఈవిడే గదా."

ఆ రోజు వసుమతిగారూ నేనూ బజారు చివరిదాకా నడిచాం. అప్పుడు ఆవిడ, "నేను గీసిన వాటిల్లో ఏది నిజమో నాకే తెలీట్లేదండీ" అన్నారు. బాధగా అన్నట్టు లేదు. కొత్త వీధి కనపడినప్పుడు మనిషి ఆగి చూస్తాడే, అలా అన్నారు.

2000 దాటాక వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఇంటింటా ఫోటోలు ఉన్నాయి. నందిగామలో భవానీప్రసాద్ అనే అతను స్టూడియోలో కంప్యూటరు పెట్టాడు. పెళ్ళి గ్రూపుఫోటోలో మూలనున్న మనిషిని విడదీసి, కోటు తొడిగి, వెనక పూలతోట పెట్టి ఇచ్చేవాడు. ఇక మన వసుమతిగారి పని అయిపోయినట్టేనని స్టాఫ్‌రూములో జాలిపడ్డారు. ఆవిడ మాత్రం శనివారాలు ఆ స్టూడియోకి వెళ్ళి స్టూలు వేసుకుని కూర్చుని, తెరమీద అతను కళ్ళెలా తెరిపిస్తున్నాడో చూసేవారు. "మూసుకున్న కంటికి చూపు ఎక్కణ్ణుంచి తెస్తున్నావు బాబూ?" అని అడిగేవారు. "ఇంకో ఫోటోలోదండీ" అనేవాడు అతను. ఆవిడ సంతోషంగా తలాడించేవారు.

2009లో పరిటాల నుంచి స్తెఫను అనే లారీ డ్రైవరు వచ్చాడు. భార్య ఆరోగ్యమ్మ పోయి ఏడాదైంది. ఫోటోలు లేకనా అంటే అతని సెల్‌ఫోను నిండా ఆవిడే. మాకు ఒక్కొక్కటే చూపించాడు.

"ఇన్ని ఉంటే నేనెందుకు?" అన్నారు వసుమతిగారు.

"అన్నిట్లో నవ్వతా ఉందండి. ఫోటోకని ఫోన్ ఎత్తగానే నవ్వేది. ఇంట్లో ఆవిడ అట్టా ఉండేది కాదండి. నామీద కోప్పడతా ఉండేది. ఆ మొహం ఒక్కటీ లేదండి నా దగ్గర."

వసుమతిగారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. "దేనికి కోప్పడేవారు? అన్నం చల్లారిపోయినందుకా, మీరు చెప్పకుండా లోడుకి వెళ్ళిపోయినందుకా? రెండు కోపాలూ ఒకలా ఉండవు కదండీ."

స్తెఫను సెల్‌ఫోను జేబులో పెట్టుకుని ఆలోచించాడు. "చెప్పకుండా వెళ్ళినప్పుడండీ. అరిచేది కాదు. చూసేది."

మూడు ఆదివారాలు వచ్చాడతను. మూడోసారి బొమ్మ చేతికిస్తే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతుర్లో పెట్టి చూశాడు. మొహం విప్పారింది. మళ్ళీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇంకొంచెం కోపం కావాలండి" అన్నాడు.

వసుమతిగారు పెన్సిలు చెక్కుకుని కనుబొమల మధ్య ఇంకో గీత గీశారు.